బాకీ తీరుస్తామంటూ మంగళగిరి దాకా తరిమాం

అప్పిచ్చినవాడు అప్పు తీసుకున్నవాడి ఇంటిచుట్టూ తిరగడం మీరంతా చూసే ఉంటారు. అప్పు తీసుకున్న మనిషి డబ్బు చంకన పెట్టుకుని "బాబ్బాబూ, తీసుకోండి" అంటూ వెంటపడటం, అప్పిచ్చిన పెద్దమనిషి దొరక్కుండా పారిపోవడం ఎప్పుడైనా చూశారా? నేను చూశాను. చూడటమేమిటి, ఆ వెంటపడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను, నల్లకోటుతో సహా!

కొత్తగా కోర్టుకి వస్తున్న పిల్లలు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు "చెక్కు బౌన్సు కేసులు ఒట్టి బోరు మేడమ్, రోజూ అదే నోటీసు, అదే వాయిదా" అంటుంటారు. బోరట! నాకు ఒళ్ళు మండుతుంది. కూర్చోండర్రా, చెబుతాను. ఆ బోరు కేసు కోసం నేను ఒక కొండ ఎక్కాను, దిగాను, ఒక చీరలకొట్టులో యుద్ధం చేశాను.

నల్లకోటు వేసుకునేటప్పటికి నాకు నలభై నిండాయి. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక లా చదివాను. గుంటూరు బ్రాడీపేటలో నేను జూనియర్‌గా చేరిన సీనియర్ గారు నాకంటే ఏడేళ్ళు చిన్న. నేను ఆయన్ని "సార్" అంటే ఆయన ఇబ్బందిగా కదిలి "చెప్పండి మేడమ్" అనేవారు. కొత్తగా వచ్చిన పార్టీలు నన్ను చూసి "అమ్మా, అబ్బాయిగారు ఉన్నారా?" అని అడిగేవాళ్ళు. ఆయనేమో నోట్లో నాలుక లేని మనిషి, నాకేమో కోపం ముక్కు మీదే ఉండేది. ఆ ఆఫీసులో ఇంకొక మనిషి గుమాస్తా గారు. ఆరడుగుల మనిషి, తెల్లటి లాల్చీ, అత్తరు వాసన, శుక్రవారం తప్పకుండా మసీదు. తను నవ్వకుండా మా అందర్నీ కడుపుబ్బ నవ్వించేవాడు. సీనియర్ గారి చెక్కు బౌన్సు కట్టల్ని చూపించి "మేడమ్, ఇవన్నీ గోడకేసి కొట్టిన బంతులు, తిరిగి మన మొహానికే తగుల్తాయి" అనేవాడు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి ఇది. చేతిలో సెల్‌ఫోన్ ఉన్నవాడు దాన్ని చొక్కాజేబులో సగం బయటికి కనపడేలా పెట్టుకు తిరిగే రోజులు. ఒకరోజు పొద్దున్నే ఒకావిడ మా గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ కంటే ముందు ఘాటు వచ్చింది. నల్లపాడు వైపు చిన్న కారం మిల్లు నడుపుతుందట. భర్త లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్డుమీదే. మిల్లులో డజను మంది ఆడవాళ్ళు తొడిమలు తీసి, ఎండబెట్టి, దంచి, జల్లించి పొట్లాలు కడతారు. వాళ్ళందరి సంసారాలూ ఆ మిల్లు మీదే. మనిషి గొంతు గేటు దగ్గర మాట్లాడితే వీధి చివర వినపడేంత.

"లాయరమ్మా, ఇదేందో వచ్చింది" అని చీరకొంగులోంచి ఒక కవరు తీసి నా బల్లమీద పెట్టింది. కవరు నిండా పసుపు, కుంకుమ.

అది చెక్కు బౌన్సు నోటీసు. మిర్చియార్డులో పేరున్న ఒక కమీషన్ వ్యాపారి పంపాడు. ఆవిడ ఆయన దగ్గర టిక్కీలు అప్పుమీద తెచ్చుకుంది. టిక్కీ అంటే మిర్చి బస్తా. తెచ్చుకున్నప్పుడు తేదీ వెయ్యకుండా సంతకం పెట్టిన చెక్కు ఇచ్చింది. మా వైపు వ్యాపారంలో ఇది మామూలే. సరుకు అమ్మి డబ్బు వచ్చాక ఆవిడ కబురు పెడితే ఆయన తేదీ వేసుకుని బ్యాంకులో వేసుకోవాలి. నమ్మకం మీద నడిచే లెక్క. ఈ మహానుభావుడు ఆవిడ కబురు కోసం చూడకుండా తనే తేదీ వేసుకుని బ్యాంకుకి పంపాడు. ఖాతాలో డబ్బు లేదు, చెక్కు తిరిగొచ్చింది, వెంటనే లాయరు చేత నోటీసు కొట్టించాడు.

"ఎప్పుడు అందింది?" అన్నాను.

"అందిన రోజునే దేవుడి దగ్గర పెట్టాను. ఏందో కోర్టు కాయితం, భయమేసింది."

"దేవుడు నోటీసుకి జవాబు రాయడమ్మా!" అని అరిచాను. పోస్టుమాన్ ఇచ్చిన రోజునుంచి లెక్క కట్టి చూశాను. పదిహేను రోజుల గడువు ఆ వచ్చే శుక్రవారంతో సరి.

మీకు తెలియనిది కాదు గానీ, తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. నోటీసు అందాక పదిహేను రోజుల్లోగా చెక్కు మీదున్న మొత్తం ముట్టజెబితే నేరమే లేదు, కథ అక్కడితో సమాప్తం. పదహారో రోజున తెచ్చి కళ్ళకద్దుకుని ఇచ్చినా బాకీ తీరుతుంది గానీ నేరం తీరదు. అప్పుడు అవతలివాడు దయతలిచి రాజీకి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే డబ్బు కట్టీ బోనెక్కాల్సిందే. సగం కట్టి మిగతా సగానికి టైము అడగడం కూడా కుదరదు.

"బోనెక్కడం పెద్ద సంగతి కాదులే లాయరమ్మా, నాకేం సిగ్గు?" అంది ఆవిడ. అని, హఠాత్తుగా గొంతు తగ్గించింది. "కానీ టెండరుంది."

జిల్లాలో ప్రభుత్వ హాస్టళ్ళకి ఏడాదిపాటు కారం సరఫరా చేసే టెండరు. ఆవిడ ఎప్పటినుంచో దానికోసం కాచుకుని ఉంది. అది వస్తే మిల్లు నిలబడుతుంది, డజను మందికీ ఏడాదంతా పని. రాకపోతే ఆ వేసవితో మిల్లు మూసెయ్యాల్సిందే, మిషను మీద అప్పు అలా ఉంది. టెండరు కాగితాలతోపాటు "నా మీద ఎలాంటి క్రిమినల్ కేసులూ లేవు" అని నోటరీ దగ్గర ప్రమాణం చేసి ఇవ్వాలి. మరి ఆ టెండరుకి ఇంకెవరు పోటీ? కమీషన్ వ్యాపారిగారి సొంత బామ్మర్ది!

సీనియర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆయనకి డబ్బు వద్దు మేడమ్. కేసు కావాలి" అన్నారు.

అదృష్టం బాగుండి, హైదరాబాదు కొట్లనుంచి ఆవిడకి రావలసిన సరుకు డబ్బు బ్యాగులో నగదుగా బుధవారం సాయంత్రానికి వచ్చేసింది. ఆవిడ మిల్లులోనే బ్యాగు విప్పి, నోట్లు లెక్కపెట్టి, సంతోషం పట్టలేక ఏం చేసిందో తెలుసా? ఆ వ్యాపారికే ఫోన్ చేసింది! "అన్నయ్యగారూ, డబ్బు సిద్ధంగా ఉంది, రేపు పొద్దున్నే తెస్తున్నా, మీరు కొట్లోనే ఉండండి" అని. మా ఊళ్ళలో ఎవరింటికైనా పెద్దపని మీద వెళ్ళేముందు కబురు చెయ్యకపోతే మర్యాద కాదు కదా! ఆ మర్యాద కొంప ముంచింది.

గురువారం పొద్దున నేను డీడీ తీద్దామని బ్యాంకుకి వెళితే తలుపులకి తాళాలు, గుమ్మం ముందు ఎర్రజెండాలు, నినాదాలు. గురు, శుక్ర రెండు రోజులూ బ్యాంకుల సమ్మె. ఆయన ఖాతాలో వేద్దామన్నా దారి లేదు. "ఇంకో చెక్కు ఇచ్చేస్తే?" అంది ఆవిడ అమాయకంగా. సీనియర్ గారికి పొలమారింది.

ఇక మిగిలింది నగదు నేరుగా ఆయన చేతికివ్వడమే. మిర్చియార్డుకి వెళితే కొట్లో ఆయన లేడు. అక్కడి గుమాస్తా నేలచూపులు చూస్తూ "అయ్యగారు ఊళ్ళో లేరండీ. మమ్మల్ని ఎవరి దగ్గరా ఏమీ తీసుకోవద్దన్నారండీ" అన్నాడు. ఇంటికి వెళితే గేటుకి తాళం. ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్.

"చూశారా మేడమ్," అన్నాడు మా గుమాస్తా గారు, "పెద్దమనిషి లక్షలు తీసుకోమంటే పరారీలో ఉన్నాడు. ఇలాంటి అప్పులవాడు నాకొక్కడు దొరికితే జన్మంతా అప్పుల్లోనే బతికేవాణ్ణి."

నేను నవ్వే స్థితిలో లేను. "రేపు ఎక్కడున్నా పట్టుకుందాం. నువ్వు పొద్దున్నే డబ్బు తీసుకుని వచ్చెయ్" అన్నాను మిల్లు ఆవిడతో.

ఆవిడ నావైపు వింతగా చూసింది. "రేపు శుక్రవారం గదమ్మా!"

"అయితే?"

"శుక్రవారం డబ్బు ఇవ్వం."

"గడువు రేపే చచ్చిపోతోంటే వారం ఏంటి నీ మొహం!" అని గయ్యిమన్నాను. ఆవిడ బెదరలేదు. "మా అత్త పెట్టిన నియమం. ఇన్నేళ్ళలో శుక్రవారం నాడు నా చేతిమీదుగా రూపాయి బయటికి పోలా. కూలోళ్ళకి కూడా గురువారమే ఇస్తా. టెండరు వేసేముందు లక్ష్మిని బయటికి పంపితే ఇంకేముంది?"

"నీ నియమం నా నెత్తిన పెట్టు" అని ఇంకా ఏదో అనబోయి ఆగాను. ఎందుకంటే మా ఇంట్లో శుక్రవారం పాలవాడికి కూడా డబ్బు ఇవ్వం. చదువుకున్నదాన్నే, నల్లకోటు వేసినదాన్నే, ఆ రోజు వరకూ నేనూ ఇచ్చి ఎరగను. సీనియర్ గారి వైపు చూశాను. ఆయన పైకప్పు వైపు చూశారు. వాళ్ళింట్లోనూ అంతేనట!

గుమాస్తా గారు గొంతు సవరించుకున్నాడు. "మాకు శుక్రవారం నమాజే గానీ డబ్బు ఇవ్వకూడదనే పట్టింపు లేదు. చీకటి పడకముందే నా చేతికి ఇచ్చెయ్ చెల్లెమ్మా. రేపు ఇచ్చేది నేను, నువ్వు కాదు. మీ అత్తగారికి కూడా అభ్యంతరం ఉండదు."

ఆవిడ మొహం వెలిగిపోయింది. ఆటో ఎక్కి పరుగున వెళ్ళి, దీపాలు పెట్టేలోగా వైరుబుట్ట నిండా నోట్లు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన చేత్తోనే ఆఫీసు బీరువాలో పెట్టించింది. నోట్లకట్టల మీద సన్నగా ఎర్రటి దుమ్ము. సీనియర్ గారు లెక్క చూసి వరసగా తుమ్ములు తుమ్మి, కళ్ళు తుడుచుకుంటూ రసీదు రాసి స్టాంపు అంటించి నాకిచ్చారు. "మొత్తం సొమ్ము ముట్టింది అని ఆయన సంతకం ఉండాలి. నాకు రేపు వాయిదా ఉంది. మీ కోపం మీద నాకు నమ్మకముంది మేడమ్" అన్నారు. ఇరవయ్యేళ్ళ వృత్తిలో నాకు దొరికిన గొప్ప మెప్పు అదే.

శుక్రవారం పొద్దున్నుంచీ ముగ్గురం ఆటోలో గుంటూరంతా తిరిగాం. యార్డు, కోల్డ్ స్టోరేజీ, ఆయన పత్తిమిల్లు, ఆయన పేకాడే క్లబ్బు. ఎక్కడా లేడు. మధ్యాహ్నం అవుతుండగా గుమాస్తా గారు "మేడమ్, జుమ్మా టైమైంది" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన మాత్రం నింపాదిగా మసీదు ముందు ఆటో ఆపించి, బుట్ట తన చేతిలోంచి నా ఒడిలో పెట్టబోయి, నాలుక కరుచుకుని, ఆటో సీటు మీద పెట్టి వెళ్ళాడు. మండుటెండలో నేనూ ఆవిడా ఆ బుట్టకి చెరోవైపు కూర్చున్నాం. ఆవిడ గోళ్ళు కొరుక్కుంటోంది. నేను ఆ వ్యాపారిని, బ్యాంకు యూనియన్లని, నోటీసుని దేవుడి దగ్గర పెట్టిన బుద్ధిని కలిపి తిట్టాను.

నమాజయ్యాక గుమాస్తా గారు బయటికి వచ్చాడు, కాదు, పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన పరుగెత్తడం నేను చూడటం అదే మొదటిసారి. వ్యాపారిగారి కారు డ్రైవరు తమ్ముడు లోపల ఆయన పక్కనే నిలబడి నమాజు చేశాడట. "మా అన్న మంగళగిరి పోయాడు భాయ్, సేటు ఫ్యామిలీతో. కొండమీద దర్శనం, తర్వాత పెళ్ళికి చీరలు" అన్నాడట.

"పోనియ్ మంగళగిరికి!" అని ముగ్గురం ఒక్కసారే అరిచాం. ఆటోవాడు అదిరిపడి బండి స్టార్ట్ చేశాడు.

హైవే మీద మా ముందు పత్తి బోరాల లారీ. ఇల్లంత ఎత్తు లోడు, తాబేలు నడక. పక్కకి తప్పుకోదు. మిల్లు ఆవిడ ఆటోలోంచి సగం బయటికి వంగి "ఒరేయ్ నాయనా, దారియ్యరా! నీ బిడ్డలు చల్లగుండ, తప్పుకోరా!" అని కేక పెట్టింది. ఆ గొంతుకి లారీ నిజంగానే పక్కకి ఒరిగింది. నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఏడవాల్సిన సమయంలో నవ్వొస్తే ఆపుకోవడం ఎంత కష్టమో! ఆవిడా నవ్వింది. గుమాస్తా గారు మాత్రం బుట్టని కావలించుకుని గంభీరంగా కూర్చున్నాడు.

మంగళగిరిలో ఆటో దిగి కొండ ఎక్కాం. నా మోకాళ్ళ సంగతి అడక్కండి. పైకి వెళ్ళేసరికి తలప్రాణం తోకకొచ్చింది. గుమాస్తా గారు గుడి బయట మెట్టుమీద బుట్టతో కూర్చున్నాడు, మేమిద్దరం లోపలికి పోయి వెతికాం. పూజారి గారు స్వామి నోట్లో పానకం పోస్తున్నారు. మీకు తెలుసు కదా, ఆ స్వామి పోసిన దాంట్లో సగం తాగి సగం భక్తులకి వదిలేస్తాడు. మేం కూడా తలో గ్లాసు తాగాం. వ్యాపారి లేడు. అడిగితే "ఇప్పుడే దిగారమ్మా, ముసలావిడతో" అన్నారు. మళ్ళీ దిగాం. పొద్దు వాలుతోంది. ఆవిడ మొహంలో నవ్వు పోయింది. "లాయరమ్మా, పొద్దుగూకితే అయిపోయినట్టేనా?" అంటే, రాత్రి పన్నెండు దాకా ఉందని చెప్పి గబగబా బజారువైపు నడిచాను.

చేనేత చీరల వీధిలో మూడో కొట్టు ముందు ఆయన కారు కనపడింది. నేను గట్టిగా ఊపిరి పీల్చి కోటు గుండీలు పెట్టుకున్నాను. లోపల తెల్లదుప్పట్లు పరిచిన పరుపుల మీద ఆయన, భార్య, తల్లి. తల్లికి డెబ్బై దాటి ఉంటాయి, ఎర్రగా, నిటారుగా, కూర్చున్న తీరులోనే దర్జా. వాళ్ళ ముందు చీరలు కుప్పలుగా పరిచి ఉన్నాయి. మమ్మల్ని చూడగానే ఆయన ఒక చీరని మొహానికి అడ్డం పెట్టుకుని అంచు చూస్తున్నట్టు నటించాడు.

"నమస్కారమండీ, అంచు బాగుంది" అన్నాడు గుమాస్తా గారు. "ఈవిడ తరఫున బాకీ మొత్తం తెచ్చాం. తీసుకుని రసీదు మీద సంతకం పెట్టండి."

ఆయన చీర దించి సర్దుకున్నాడు. "నువ్వెవరయ్యా? నీకూ నాకూ బాకీ ఉందా? ఎవరో తెచ్చిన డబ్బు నేను తీసుకోను. ఆమె చేత్తో ఇమ్మను, తీసుకుంటా." అని చిన్నగా నవ్వాడు. ఆయనకి తెలుసు కదా, శుక్రవారం! మా వాళ్ళ పట్టింపు ఆయనకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది!

నాకు కోపంతో కళ్ళు బైర్లు కమ్మాయి. చట్టం చెప్పబోయాను. మిల్లు ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఒక్క క్షణం బుట్ట వైపు చూసింది. వాళ్ళ అత్తగారు ఆ క్షణంలో ఎదురుగా నిలబడి ఉందేమో.

"పోతే పోనీ లక్ష్మి!" అంది గట్టిగా. కొట్లో అందరూ తలెత్తారు. "నా ఇంట్లోంచి పోతే మళ్ళీ రాదా? అక్కడ డజను మంది పొయ్యిలో పిల్లి లేవాల!" అని గుమాస్తా గారి చేతిలోంచి బుట్ట లాక్కుని, రెండు చేతులతో పట్టుకుని ఆయన ముందు చాచింది. "ఇదిగో నా చెయ్యి. తీసుకోండి."

ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. చిన్నపిల్లాడు మందు తాగనని మొరాయించినట్టు! "ఇక్కడ కాదు. సోమవారం ఆఫీసుకి రండి" అన్నాడు.

అప్పటిదాకా చీరలు చూస్తున్న ముసలావిడ మెల్లగా తిరిగింది. అప్పుడే కొట్టువాడు పటం ముందు దీపం వెలిగించి దణ్ణం పెట్టుకుంటున్నాడు. ఆవిడ ఆ దీపం చూసింది, బుట్ట చూసింది, కొడుకు చేతులు చూసింది.

"ఏరా! శుక్రవారం సందెవేళ, దీపం పెట్టిన నిమిషాన, ఆడకూతురు రెండు చేతులా లక్ష్మిని తెచ్చి ఇస్తుంటే చేతులు వెనక్కి పెట్టుకుంటావా! పుట్టి బుద్ధెరిగి ఎవడైనా చేశాడా ఇట్టాంటి పని?"

"అమ్మా, నీకు తెలీదు, ఇది కోర్టు వ్యవహారం..."

"ఏం వ్యవహారమమ్మా?" అని ఆవిడ నన్ను అడిగింది. ఆహా! నేను జీవితంలో ఎన్నో వాదనలు చేశాను గానీ అంత శ్రద్ధగా విన్న జడ్జీ మళ్ళీ దొరకలేదు. నాలుగు ముక్కల్లో చెప్పేశాను. ఈ రోజు తీసుకోకపోతే ఆవిడ మీద కేసవుతుందనీ, కేసయితే టెండరు పోతుందనీ, టెండరు ఎవరికి పోతుందనీ.

"ఎవరికి?"

"వారి బామ్మర్దికండీ" అన్నాడు గుమాస్తా గారు, మహా వినయంగా.

ముసలావిడ కోడలి వైపు తిరిగింది. కోడలు చీరలోకి మొహం దించేసింది. "వాడి కోసమా!" అంది ముసలావిడ. "నీ పెళ్ళాం తమ్ముడి కోసం ఇంటికొచ్చే లక్ష్మిని తరుముతున్నావుట్రా! వాడు పోయినేడు నా వడ్లు కాటా వేసి..." ఇక చూసుకోండి. అత్తా, కోడలూ, మధ్యలో ఆయన. కోడలు "మా తమ్ముణ్ణి అనద్దు" అని లేచింది. కొట్టువాడు "అమ్మా, చీరలు, చీరలు!" అని గగ్గోలు పెడుతూ మధ్యలోంచి పట్టుచీరలు లాక్కుంటున్నాడు. గుమ్మం దగ్గర జనం పోగయ్యారు.

చివరికి ఆయన చేతులు ముందుకొచ్చాయి. కానీ బుర్ర మాత్రం ఇంకా పనిచేస్తోంది చూడండి! "సరేలే అమ్మా, నీ మాట కాదనడమెందుకు. సగం ఇప్పుడు తీసుకుంటా. మిగతా సగం సోమవారం" అన్నాడు.

సగం! సగం తీసుకుంటే కేసు అలాగే ఉంటుంది. ముసలావిడ "ఆఁ, అట్టాగే కానీ" అనబోతోంది. ఆవిడకేం తెలుసు పాపం!

"సగం తాగి సగం వదలడానికి మీరేమన్నా కొండమీది స్వామా?" అని నేను పెట్టిన కేక కొండమీదికి వినపడే ఉంటుంది. "మొత్తం తీసుకోవాలి! ఇప్పుడే! ఇక్కడే!"

వీధిలో జనం గొల్లుమన్నారు. ముసలావిడ కూడా పకపకా నవ్వింది. నవ్వుతూనే కొడుకుని ఒక్క చూపు చూసింది. ఆ చూపుతో ఆయన కూర్చుని కట్టలు విప్పాడు. విప్పాడో లేదో తుమ్ము! మిల్లులో లెక్కపెట్టిన నోట్లాయె. ఆయన తుమ్ము, భార్య తుమ్ము, కొట్టువాడి తుమ్ము. లెక్క తప్పి మళ్ళీ మొదలు. మూడోసారికి కళ్ళూ ముక్కూ కారుతూ "సరిపోయిందమ్మా తల్లీ!" అని రసీదు మీద సంతకం గీకాడు. నేను ఆ కాగితం లాక్కుని మడతపెట్టి జాకెట్టులో పెట్టుకున్నాను. ముసలావిడ మిల్లు ఆవిడని దగ్గరికి పిలిచి, చీరల కుప్పలోంచి ఒక రవికెగుడ్డ తీసి చేతిలో పెట్టింది. "శుక్రవారం ఖాళీ చేతుల్తో పోకూడదు" అంది. మా మిల్లు ఆవిడ ఆ గుడ్డని కళ్ళకద్దుకుని భోరుమంది.

ఆ టెండరు ఆవిడకే వచ్చింది, మిల్లు నిలబడింది, బామ్మర్ది తర్వాత సిమెంటు వ్యాపారంలోకి వెళ్ళాడని విన్నాను. కానీ తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు పులకరించేది టెండరు వెయ్యడానికి ముందురోజు నోటరీ గారి గదిలో జరిగింది. ఇరుకు గది. ఆయన బల్లకి అటు, మేం ఇటు. మిల్లులో పనిచేసే ఆడవాళ్ళు పని ఆపేసి వచ్చి వరండాలో నిలబడ్డారు. రావద్దంటే వినలేదు.

నోటరీ గారు కాగితం చూస్తూ, తల ఎత్తకుండా, రోజుకి ఎందరినో అడిగే మామూలు గొంతుతో అడిగారు. "ఏమ్మా, మీ మీద క్రిమినల్ కేసులేమైనా ఉన్నాయా?"

వీధి చివరికి వినపడే గొంతు ఆవిడది. నోరు తెరిచింది, మాట రాలేదు. నావైపు చూసింది. మళ్ళీ తెరిచింది, రాలేదు. కళ్ళనిండా నీళ్ళు.

నోటరీ గారికి అనుమానం వచ్చి తలెత్తారు. "ఉన్నాయా అమ్మా?"

"లేవు!" అని వరండాలోంచి డజను గొంతులు ఒక్కసారిగా అరిచాయి.

ఆయన చేతిలో స్టాంపు కింద పడింది. ఆవిడ వంగి దాన్ని తీసి, తుడిచి, ఆయన చేతికిచ్చి, "లేవండీ" అంది.